స్కేల్ మోడలింగ్‌కు నిజంగా ఎంత ఖర్చవుతుంది? పద్దు పుస్తకం చూసి చెబుతున్న సమాధానం

విశాఖపట్నం నుంచి ఒక యువకుడు అడిగిన ప్రశ్న సారాంశం ఇది. ఆయనకు కొత్తగా ఉద్యోగం వచ్చింది. బీచ్ రోడ్డులోని కుర్సురా జలాంతర్గామిని చిన్నప్పటి నుంచీ, దాని ఎదుట 2017లో వెలసిన టీయూ-142 విమానాన్ని కాలేజీ రోజుల నుంచీ చూస్తూ వచ్చారు. ఆ రెండింటినీ అసలు కొలతలకు తగ్గట్టు చిన్న నమూనాలుగా, ప్లాస్టిక్ కిట్లతో స్వయంగా తయారు చేసుకోవాలని కోరిక. నెలకు 2,000 రూపాయలకు మించి పెట్టలేరు. తెలిసినవారొకరు మాత్రం గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్, దానికి గాలినిచ్చే కంప్రెసర్ లేకుండా ఇందులోకి దిగడం వృథా అనీ, 50,000 రూపాయలు చేతిలో పెట్టుకునే రావాలనీ చెప్పారట. ఆ మాట నిజమేనా అన్నది ప్రశ్న.

నిజం కాదు. నేను సికింద్రాబాదులో ఇరవై ఏళ్లుగా ఈ పని చేస్తున్నాను, మొదటి కిట్టు నాటి నుంచి కొన్న ప్రతి వస్తువునూ, గడిపిన ప్రతి గంటనూ ఒక పద్దు పుస్తకంలో రాసుకుంటున్నాను. ఆ పుస్తకం తిరగేస్తే తేలే విషయం ఒక్కటే: ఈ అభిరుచిలో డబ్బు పోయేది బల్ల మీద తయారవుతున్న నమూనాకు కాదు, బీరువాలో విప్పకుండా పేర్చిపెట్టిన పెట్టెలకు. మీ 2,000 రూపాయలు సరిపోతాయా లేదా అన్నది మీరు ఏ పనిముట్లు కొంటారన్నదాని కన్నా, ఒక కిట్టు పూర్తికాక ముందే రెండోది కొంటారా లేదా అన్నదాని మీద ఎక్కువగా ఆధారపడి ఉంటుంది.

ముందు మొదలుపెట్టడానికి కావలసినవి చెబుతాను. ఇక్కడ చెప్పే ధరలు నేను ఈమధ్య కొన్న లేదా విచారించిన ధరలు. దుకాణాన్ని బట్టి వంద రూపాయలు అటూ ఇటూ ఉంటాయి. కిట్టు భాగాలు అతుక్కుని వచ్చే ప్లాస్టిక్ ఫ్రేము నుంచి వాటిని వేరు చేసే నిప్పర్ 350 రూపాయలు, సన్నని మొన ఉన్న హాబీ కత్తి 150, కటింగ్ మ్యాట్ 250, పట్టకారు 100, మాస్కింగ్ టేపు 250, రెండు మూడు సింథటిక్ కుంచెలు 250, సన్నగా నీళ్లలా పారే ప్లాస్టిక్ జిగురు 450. నునుపు చేయడానికి హాబీ దుకాణంలో అందమైన ప్యాకెట్లలో అమ్మే కాగితం అక్కర్లేదు. వీధి చివరి హార్డ్‌వేర్ దుకాణంలో 400, 800, 1000, 2000 నంబర్ల వాటర్ పేపర్లు నాలుగూ కలిపి 80 రూపాయలకు వస్తాయి. ఇవన్నీ కలిపితే 1,880 రూపాయలు. ఇది మీ మొదటి నెల. రెండో నెల 1,300 రూపాయల లోపు 1/72 కిట్టు, అంటే అసలు దానిలో 72వ వంతు కొలతలో ఉండేది, ఒకటి, సీసా 220 రూపాయల చొప్పున అక్రిలిక్ రంగులు ఐదు. మొత్తం 4,280 రూపాయలు. రెండో నెలలో ఒక నాలుగు వందలు ఎక్కువైనా, మూడో నెల మీరు ఏమీ కొననక్కర్లేదు. ఎందుకంటే ఆ కిట్టు అప్పటికి సగం కూడా అయి ఉండదు.

జపాన్ నిప్పర్లు 3,000 రూపాయలు, ఆ పైన కూడా ఉన్నాయి. నా దగ్గర ఒకటి ఉంది, వెన్నను కోసినట్టు కోస్తుంది. కానీ మామూలు నిప్పర్‌తో భాగానికి కొంచెం దూరంగా కత్తిరించి, మిగిలిన ముక్కను కత్తితో చెక్కి, వాటర్ పేపర్‌తో రుద్దితే వచ్చే ఫలితానికీ దానికీ తేడా కనిపెట్టగలిగిన మనిషిని నేను ఇంతవరకు చూడలేదు.

ఇక కిట్టు ధర మన దేశంలో అంత ఎందుకన్నది అందరూ అడిగే మాట. చరిత్ర చూస్తే ఈ అభిరుచి నిలదొక్కుకున్నదే చవకతనం వల్ల. ఇంగ్లండులో ఎయిర్‌ఫిక్స్ వారు 1952లో ‘గోల్డెన్ హైండ్’ ఓడ చిన్న కిట్టును ఊల్‌వర్త్ దుకాణాల ద్వారా రెండు షిల్లింగులకు అమ్మడానికి, పెట్టె ఖర్చు కూడా మిగలాలని పాలిథీన్ సంచీలో పెట్టి, పైన మడిచిన కాగితం అతికించి ఇచ్చారు. బడికి వెళ్లే పిల్లవాడి చేతి ఖర్చులో ఇమడాలన్నదే వారి లెక్క. మన దగ్గర ఆ లెక్క తప్పడానికి ప్రధాన కారణం దిగుమతి సుంకం. పెట్టె మీద పద్నాలుగేళ్లు దాటినవారికి అని రాసి ఉన్నా, కస్టమ్స్ పట్టికలోని 9503 శీర్షిక కింద పిల్లల బొమ్మలూ ఈ కొలత నమూనాలూ ఒకే వరుసలో ఉంటాయి. బొమ్మల మీద సుంకం 2020 బడ్జెట్‌లో 20 శాతం నుంచి ఒక్కసారిగా 60 శాతానికీ, 2023లో 70 శాతానికీ పెరిగింది. దేశీయ బొమ్మల తయారీని కాపాడటం దాని ఉద్దేశం. ఆ ఉద్దేశాన్ని నేను తప్పుపట్టను గానీ, మనం కట్టే కిట్లకు ఇక్కడ పోటీగా తయారవుతున్నవి దాదాపు ఏమీ లేవు.

లెక్క చూడండి. బయటి దేశంలో 2,000 రూపాయలు చేసే పెట్టెకు రవాణా 800 అనుకుంటే, సుంకం కట్టేది కేవలం 2,000 మీద కాదు, రవాణాతో కలిపి 2,800 మీద. అందులో 70 శాతం అంటే 1,960. అంటే జీఎస్టీ, దుకాణదారుడి లాభం కలవక ముందే ఆ పెట్టె 4,760 రూపాయలకు చేరింది. ఈమధ్య ఎయిర్‌ఫిక్స్ పెట్టెలు చాలావాటి మీద ‘మేడ్ ఇన్ ఇండియా’ అని అచ్చేసి ఉండటం చూసి మురిసిపోయి, మన బజారులో అవి కారుచవకగా దొరుకుతాయనుకోకండి.

సొంతంగా విదేశం నుంచి తెప్పించుకోవడం గురించి కొత్తవారు ఉత్సాహపడతారు. పార్సెల్‌పై ఎంత పన్ను పడుతుందో అది చేతికి వచ్చేదాకా తెలియదు కాబట్టి, నెలకు 2,000 రూపాయల బడ్జెట్ ఉన్నవారికి ఇది తగిన పని కాదు. బహుమతి అని రాసి పంపితే పన్ను ఉండదన్న పాత వెసులుబాటు, ప్రాణరక్షక మందులకూ రాఖీలకూ తప్ప, 2019 డిసెంబరుతో పోయింది. మిగిలిన దారి అమెరికా నుంచో సింగపూర్ నుంచో వచ్చే చుట్టాల సూట్‌కేసు. మా బావమరిది డాలస్ నుంచి వచ్చిన ప్రతిసారీ ఒక పెట్టె తెస్తాడు, దానికి బదులుగా మా ఆవిడ రెండు కిలోల గోంగూర పచ్చడి కడుతుంది. అయితే ఒక హెచ్చరిక: కిట్టు మాత్రమే చెప్పండి, రంగులూ జిగురూ చెప్పకండి. లాకర్ రంగులు, ఎనామిళ్లు, ప్లాస్టిక్ జిగురు మండే స్వభావం ఉన్న ద్రవాలు. వాటిని విమానంలో చేతి సంచీలోనూ తీసుకుపోనివ్వరు, లోపల వేసే సామానులోనూ పెట్టనివ్వరు. మన దుకాణాల్లో కొన్ని రంగులు నెలల తరబడి కనిపించకుండా పోవడానికి కారణం కూడా అదే.

కిట్టును ఎంచుకునేటప్పుడు ఇంకొక సంగతి గమనించాలి. ఉక్కు అచ్చు తయారు చేయడానికే కంపెనీకి భారీగా ఖర్చవుతుంది కాబట్టి, ఒకసారి చేసిన అచ్చును దశాబ్దాల పాటు కొత్త బొమ్మ వేసిన పెట్టెల్లో మళ్లీ మళ్లీ అమ్ముతారు. పెట్టె మీద ఈ సంవత్సరం ముద్ర ఉన్నా, లోపలి అచ్చు 1970ల నాటిది కావచ్చు. అటువంటి కిట్టు మూడు వందలు తక్కువకు వస్తుంది, కానీ సందులు పూడ్చడానికి పుట్టీ, రుద్దడానికి కాగితం, అన్నిటికీ మించి మీ ఓపిక ఖర్చవుతాయి. స్కేల్‌మేట్స్ అనే సమాచార సైటులో కిట్టు పేరు వెతికితే ఆ అచ్చు ఏ సంవత్సరానిదో, ఎన్ని పెట్టెలు మారిందో వరుసగా చూపిస్తుంది. కొనే ముందు రెండు నిమిషాలు అక్కడ చూడటం నాకు అలవాటు. మొదటి కిట్టుగా నేను చెప్పేది 1/72 హరికేన్, కొత్త అచ్చుది. 1944లో ఇంఫాల్ పోరులో అర్జన్ సింగ్ నాయకత్వాన మన ఒకటో స్క్వాడ్రన్ నడిపిన విమానం అది. భాగాలు తక్కువ, అరచేతిలో ఇమిడిపోతుంది, రెండు రంగుల పైపూత కుంచెతోనే చక్కగా వస్తుంది.

గత సంవత్సరం నేను తయారు చేసిన హరికేన్ పద్దు ఇలా ఉంది. కిట్టు 1,250. రంగులు నాలుగు సీసాలు వాడినా ఒక్కో దానిలో నాలుగో వంతు మాత్రమే అయింది కాబట్టి ఈ నమూనా వాటాకు 220. జిగురు వాటా 60, వాటర్ పేపరు 30. మొత్తం 1,560 రూపాయలు. పట్టిన సమయం 34 గంటలు. గంటకు 46 రూపాయలు. సినిమాహాల్లో రెండున్నర గంటలకూ, పాప్‌కార్న్‌కూ ఎంతవుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు.

అదే పుస్తకంలో ఏడేళ్ల వెనక్కు వెళితే ఇంకొక పుట ఉంది, ఇప్పటికీ అది చూస్తే నాకు సిగ్గేస్తుంది. మన వైమానిక దళంలో 1963లో చేరి 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో వీడ్కోలు తీసుకున్న మిగ్-21ను 1/48 కొలతలో తయారు చేశాను. కిట్టు 5,400. అక్కడితో ఆగితే బాగుండేది. రెజిన్ (పోతపోసిన గట్టి ప్లాస్టిక్) సీటు 900, లోహపు రేకులో చెక్కిన చిన్న భాగాలు 1,600, రెజిన్ చక్రాలు 850, నమూనా మీద అతికించే భారతీయ గుర్తుల డెకాల్ 1,500, రంగు అంటకూడని చోట కప్పడానికి కత్తిరించి ఇచ్చిన మాస్కులు 900, ముక్కుకు ఇత్తడి గొట్టం 700. పైసామాను మొత్తం 6,450, కిట్టు కన్నా వెయ్యి పైన ఎక్కువ. చారానా కోడికి బారానా మసాలా అంటే ఇదే. పైగా చివర్లో కాక్‌పిట్ అద్దం మూసి అతికించేశాను కనుక, ఆ 900 రూపాయల సీటు లోపల ఉందన్న సంగతి నాకూ, ఆ పద్దు పుస్తకానికీ తప్ప ఎవరికీ తెలియదు. డెకాల్‌కు పెట్టిన డబ్బు మాత్రం వృథా కాలేదు, ఎందుకంటే పెట్టెలో మన దళం గుర్తులు లేవు. మీరూ ఆ ఒక్కదానికి లోబడండి, మిగతావి పదో నమూనా దాకా మరిచిపోండి.

ఖర్చు తగ్గించే దారులు మన బజారులోనే చాలా ఉన్నాయి. అయితే ఏది పని చేస్తుందో, ఏది కొంప ముంచుతుందో తెలియాలి. పలకల మధ్య గీతలు కనిపించేలా పోసే నల్లని ద్రవం హాబీ దుకాణంలో చిన్న సీసా ఐదు వందల దాకా ఉంటుంది. దాని బదులు స్టేషనరీ దుకాణంలో దొరికే క్యామెల్ ఆయిల్ కలర్ ట్యూబు, ముదురు గోధుమ రంగుది ఒకటి కొని, మినపగింజంత తీసి చిత్రకారులు వాడే టర్పెంటైన్‌లో చాయ నీళ్లంత పలచగా కలిపి, నిగనిగలాడే వార్నిష్ ఆరిన తరువాత గీత మొదట్లో కుంచె మొన ఆనిస్తే చాలు, అదే గీత వెంట పరుగెత్తుతుంది. ఆ ట్యూబు పదేళ్లు వస్తుంది. టమియా కంపెనీ అక్రిలిక్ రంగులను పలచన చేయడానికి కెమికల్ దుకాణంలో అమ్మే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ చక్కగా పనికొస్తుంది. అదే ఆల్కహాల్ వల్లెహో కంపెనీ రంగులో పోస్తే మాత్రం విరిగిన పాలలా గడ్డకడుతుంది, దానికి నీళ్లో, వారి సొంత థిన్నరో వాడాలి. సందులు పూడ్చడానికి సూపర్‌గ్లూలో ముఖానికి రాసుకునే టాల్కం పౌడరు కలిపితే గట్టి పుట్టీ తయారవుతుంది. లేదా మిగిలిపోయిన ఫ్రేము ముక్కలను అదే ప్లాస్టిక్ జిగురులో రెండు రోజులు నానబెడితే, అదే రంగు పుట్టీ చేతికొస్తుంది. కొండపల్లి కళాకారులు చింతగింజల పొడి, రంపపు పొట్టు కలిపి మక్కు చేసి బొమ్మల అతుకులు పూడ్చడం చూసిన రోజున, మన పని అంతకన్నా గొప్పదేమీ కాదని నాకు అర్థమైంది.

విమానం యాంటెనా తీగలకు ప్రత్యేకంగా దారం అమ్ముతారు. ఆ డబ్బు కూడా అవసరం లేదు. ఫ్రేములోంచి మూడు నాలుగు అంగుళాల పొడవున్న ముక్క కత్తిరించి, రెండు చివర్లూ పట్టుకుని, కొవ్వొత్తి మంటకు తగలకుండా కొంచెం పైన తిప్పుతూ ఉండండి. నడిమి భాగం మొదట మెరుస్తుంది, తరువాత మెల్లగా వంగుతుంది. వంగిన క్షణాన మంట మీద నుంచి పక్కకు తీసి, రెండు చేతులూ దూరంగా లాగండి. నెమ్మదిగా లాగితే లావు తీగ, వేగంగా లాగితే వెంట్రుక అంత సన్నని తీగ వస్తుంది. మొదటి ఐదారు ప్రయత్నాలు తెగిపోతాయి, పోనివ్వండి, అది ఎలాగూ చెత్తబుట్టలో వేసేదే.

పొదుపు పేరుతో చేతి చమురు వదిలిన సంగతి కూడా చెప్పాలి. మొదటి సంవత్సరంలో, హాబీ థిన్నర్ ఖరీదు చూసి, కార్ల పెయింటింగ్ చేసేవారి దగ్గర లీటరు ఎన్‌సీ థిన్నర్ తెచ్చి, రంగులో కలిపి స్పిట్‌ఫైర్ విమానం రెక్క మీద ధారాళంగా పూశాను. పాలీస్టైరీన్ ప్లాస్టిక్ ఆ ద్రావకానికి కరుగుతుందన్న జ్ఞానం అప్పట్లో లేదు. ఐదు నిమిషాల్లో రెక్క నీళ్లలో నానిన అప్పడంలా ముడతలు పడింది. 40 రూపాయలు మిగుల్చుకోబోయి వెయ్యి రూపాయల కిట్టు పోయింది. ఆ థిన్నర్ మిగిలింది ఎయిర్‌బ్రష్ లోహపు భాగాలు కడగడానికి ఇప్పటికీ పనికివస్తోంది, అంతకు మించి దానితో పెట్టుకోకండి.

ఎయిర్‌బ్రష్ సంగతి. అది మంచిదే, కానీ ఐదు నమూనాలు కుంచెతో పూర్తి చేసిన తరువాత కొనండి. డబుల్ యాక్షన్ (గాలినీ రంగునూ ఒకే మీటతో అదుపు చేసేది), 0.3 మిల్లీమీటర్ల నాజిల్ ఉన్న మామూలు రకం 1,800, చిన్న గాలి ట్యాంకు ఉన్న పిస్టన్ కంప్రెసర్ 8,500, కిటికీకి బిగించుకునే ఎగ్జాస్ట్ ఫ్యాను 1,500, రసాయన ఆవిరిని ఆపే క్యాట్రిడ్జిలున్న మాస్కు 2,500. మొత్తం 14,300. మీకు చెప్పిన ఆ 50,000 ఎక్కడి నుంచి వచ్చిందో నేను ఊహించగలను: పేరున్న జపాన్ ఎయిర్‌బ్రష్, తయారైన స్ప్రే బూత్, ఒకేసారి కొన్న అరవై రంగుల సెట్టు, బల్ల నిండా పైసామాను. అవన్నీ ఒక్క రోజున కొనాలన్న నియమం ఎక్కడా లేదు. మాస్కును మాత్రం ఖర్చుల జాబితాలోంచి తీసేయకండి. ట్యాంకు లేని కంప్రెసర్‌తో పని నెట్టుకురావచ్చు, పాడైన ఊపిరితిత్తులతో నెట్టుకురాలేం.

మీరు సముద్రం ఒడ్డున ఉంటున్నారు కాబట్టి మాకు లేని ఖర్చు ఒకటి మీకుంది. తేమగాలిని కంప్రెసర్ నొక్కినప్పుడు అందులోని నీరు గొట్టంలో చుక్కలుగా మారి, సరిగ్గా చివరి పూత వేస్తున్నప్పుడు రంగుతో పాటు నమూనా మీద ఉమ్ముతుంది. కాబట్టి నీటిని పట్టే మాయిశ్చర్ ట్రాప్ ఉన్న కంప్రెసరే కొనండి, అది ఉన్నా ఎయిర్‌బ్రష్ పిడి దగ్గర ఇంకొక చిన్నది తగిలించండి. వానాకాలంలో లాకర్ వార్నిష్ కొడితే ఆరేటప్పుడు తెల్లగా పాలపొర కట్టినట్టు మారుతుంది. అటువంటి రోజుల్లో ఆ పని మానుకుని భాగాలు అతికించుకోండి. డెకాల్ కాగితాలు తేమకు పసుపెక్కుతాయి, వాటిని బిగుతు మూత ఉన్న డబ్బాలో, బూట్ల పెట్టెల్లో వచ్చే సిలికా జెల్ పొట్లాలతో కలిపి దాచండి.

బీరువా గురించి మొదట్లో అన్నాను. నా పుస్తకం ప్రకారం ఈ ఇరవై ఏళ్లలో 87 కిట్లు కొని, 41 పూర్తి చేశాను. మిగిలిన 46 అటక మీదా, బీరువాలోనూ ఉన్నాయి. తగ్గింపు ధర అని కొన్నవి, మళ్లీ దొరకదేమోనన్న భయంతో కొన్నవి, చిన్ననాటి బొమ్మ గుర్తొచ్చి కొన్నవి. సగటున 2,500 చొప్పున వేసుకున్నా 1,15,000 రూపాయలు. నేను వాడిన పనిముట్లు, రంగులు, కంప్రెసర్ అన్నీ కలిపినా అంత కాలేదు. అవి విప్పకుండా ఉన్నంత కాలం ఒక్క గంట సంతోషం కూడా ఇవ్వలేదు. కొన్న రోజు సాయంత్రం మూత తీసి, ఫ్రేములు చూసి, మళ్లీ మూసిన పావుగంట తప్ప. అందుకే మూడేళ్లుగా ఒక కట్టుబాటు పెట్టుకున్నాను: రెండు పూర్తయితేనే ఒకటి కొనాలి. పండగ తగ్గింపుల రోజుల్లో అది తప్పాను, దాచను.

బడికి వెళ్లే తమ్ముడో చెల్లెలో మీతో కూర్చుంటానంటే, వారి కోసం కిట్టు కొనకండి. క్యానన్ వారి క్రియేటివ్ పార్క్‌లో కాగితపు నమూనాలు ఉచితంగా ఉన్నాయి. దళసరి కాగితం మీద జిరాక్స్ దుకాణంలో రంగుల ప్రింటు తీయిస్తే వంద, నూట యాభై రూపాయలతో వారం రోజుల పని. ఎన్‌సీసీ నేవల్ వింగ్‌లో షిప్ మోడలింగ్, ఎయిర్ వింగ్‌లో ఏరోమోడలింగ్ శిక్షణలో భాగం. కాలేజీలో ఆ అవకాశం ఉంటే పనిముట్ల ఖర్చు కూడా తప్పుతుంది.

చివరగా మీ టీయూ-142, కుర్సురా. టీయూ-142 రెక్కల వెడల్పు 50 మీటర్లు. 1/72లో అది దాదాపు 70 సెంటీమీటర్లు, 1/144లో 35. మీరు అద్దెకుండే గదిలో 70 సెంటీమీటర్ల రెక్కలను దుమ్ము పడకుండా దాచే అద్దాల పెట్టె, ఆ కిట్టు ధరలో సగానికి తక్కువ కాదు, ఇల్లు మారినప్పుడు విరిగేవి వేరే. కాబట్టి ఆ విమానం ఎప్పుడు కట్టినా 1/144లోనే కట్టండి. కుర్సురా పొడవు 91.3 మీటర్లు, 1/350లో 26 సెంటీమీటర్లు, పుస్తకాల అరలో పట్టేస్తుంది. జలాంతర్గామికి భాగాలు తక్కువ, రంగులు మూడు నాలుగు, రెక్కలు లేవు, అద్దాలు లేవు. హరికేన్ తరువాత మీ రెండో కిట్టుగా ఇది సరిపోతుంది. పైగా, ప్రపంచంలో ఎక్కడెక్కడి వారో పుస్తకాలు కొనుక్కుని చూసే వివరాలు మీకు ఒక్క టికెట్టుతో దొరుకుతాయి. ఈసారి వెళ్లినప్పుడు అనుమతి ఉన్నచోటల్లా ఫొటోలు తీయండి, టవరు పక్కన ఒక స్నేహితుణ్ణి నిలబెట్టి తీయండి, అతని ఎత్తు ముందే కొలిచి రాసిపెట్టుకోండి.